పాత పనస వీణ నాదం: మారింది చెక్కా, తేమా, మైనమా?

విభాగం: తంత్రీవాద్యాలు, మరమ్మతు, నిల్వ

లంకపనస (రాజోలు), జూలై 11

అందరికీ నమస్కారమండి. ఇంట్లో ఏకాండ పనస వీణ ఉంది, బొబ్బిలి పని. కుండ (గుండ్రటి డొల్ల), దండి (మెట్లుండే మెడ) ఒకే దుంగ, పైపలక మాత్రం విడిగా వేసింది. చాలా ఏళ్లు వాయించేవాళ్లు లేక గుడ్డ చుట్టి పెట్టేశారు. ఈ సంక్రాంతికి కొత్త తీగలు వేయించి మళ్లీ మొదలుపెట్టాం. శ్రుతి రెండున్నర.

ఫాల్గుణం, చైత్రం నెలల్లో నాదం బాగా విచ్చుకుంది. సారణి (మొదటి వాయింపు తీగ) మీటితే స్వరం నిలబడేది. వానలు పట్టాక కింది స్థాయి తీగలు, మంద్రం, అనుమంద్రం, మొద్దుబారాయి. సారణి మీద ఐదు నుంచి ఎనిమిదో మెట్టు వరకు సన్నగా జీర వస్తోంది. చూసినవాళ్లు తలో మాటా అన్నారు. ఒకాయన "పాత చెక్క కదా, వాయించేకొద్దీ తెరుచుకుంటుంది, ఆగండి" అన్నారు. ఇంకొకాయన "చెక్కలో జీవం పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నారు.

చెక్క వయసుతోనూ వాయింపుతోనూ నాదం నిజంగా మారుతుందా? మారితే ఎంత? ఇప్పుడు ఈ వీణకి ఏం చెయ్యాలి?

---

సారణి (కాకినాడ), జూలై 11

చెక్క సంగతి తర్వాత చూద్దామండి. ముందు చెక్క కానివి వరసగా చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. నాలుగూ కలిపి మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు.

మొదట తీగలు. సంక్రాంతికి వేసినవైనా సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఆరు నెలలంటే ఎక్కువే. సారణి తీగ కింది వైపు గోరుతో రాయండి. గరుకు తగిలిందంటే తుప్పన్నా పట్టి ఉంటుంది, మెట్ల మీద ఒరిగి నొక్కులన్నా పడి ఉంటాయి. మంద్ర, అనుమంద్ర తీగలు మొద్దుబారడానికి మొదటి కారణం చుట్ల మధ్య చేరిన చెమట, మట్టి. నాలుగు వాయింపు తీగలూ ఒకేసారి మార్చి, రెండు రోజులు సాగనిచ్చి, అప్పుడు వినండి.

తర్వాత గుర్రం (తీగలు ఆనే దిమ్మ) మీది కంచు రేకు. నాదంలో సగం అక్కడే ఉంది. తీగ ఆనే చోట గాడి పడిందేమో దీపం పక్కగా పెట్టి చూడండి. గాడి కనపడితే తీగని ఒక మిల్లీమీటరు పక్కకి జరిపి మీటండి. జీర పోయి స్వరం నిండుగా వస్తే దోషం గాడిదే, చెక్కది కాదు. రేకు మీద గోటితో నాలుగు చోట్ల తట్టండి. ఒకచోట బోలుగా మోగితే కింద లక్క పొడిబారి వదిలేసిందని అర్థం. దాన్ని తీసి మళ్లీ కూర్చోబెట్టాలి. రేకుని మీరే ఎమెరీ కాయితంతో రుద్దకండి. దాని పైవంపు సన్నగా, లెక్కగా ఉంటుంది. అది చదునైతే తీగ రేకుని తాకుతూ వదులుతూ ఉండే తీరు పోయి స్వరం పొట్టిదైపోతుంది.

మూడోది మెట్లు, వాటిని నిలబెట్టే మైనం. సారణి తీగని సరిగ్గా మధ్యలో వేలితో తాకీ తాకకుండా మీటితే పై షడ్జం పలుకుతుంది. దాన్ని పన్నెండో మెట్టు మీద నొక్కి మీటిన స్వరంతో పోల్చండి. రెండూ కలవకపోతే మెట్టు జరిగిందనో దండి వంగిందనో అనుకోవాలి. తర్వాత పొడవైన ఉక్కు స్కేలు మెట్ల మీద నిలువుగా పెట్టి కింద వెలుగు ఎక్కడ కనిపిస్తోందో చూడండి. ఐదు నుంచి ఎనిమిది దాకా జీర ఉందంటే నాకు అనుమానం అక్కడే.

నాలుగోది బిరడాలు (తీగలు బిగించేవి), లంగర్లు (శ్రుతి సన్నగా సర్దే పూసలు), నాగపాశం (తీగల కొసలు కట్టేది). ఎక్కడైనా వదులుంటే ఒక్క స్వరానికే జరజరమంటుంది, మిగతా స్వరాలకి ఊరుకుంటుంది. అన్నిటినీ వేళ్లతో అదిమి పట్టి అదే స్వరం మళ్లీ మీటండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా మొద్దుగా ఉంటే అప్పుడు చెక్క దగ్గరికి రండి.

---

గౌతమీతీరం (యానాం), జూలై 11

ఏకాండ వీణండి, తొందరపడి అమ్మేయకండి. అమ్మేటట్టయితే మాకు చెప్పండి 🙂

---

నిర్వాహకులు, జూలై 11

అమ్మకాలు, కొనుగోళ్లు వేరే విభాగంలో. ఇక్కడ నాదం గురించే రాయండి.

---

తూకంరాళ్లు (అమలాపురం), జూలై 12

సారణి గారు చెప్పినవి చూశాక మిగిలేదాంట్లో పెద్ద వాటా తేమది. అంకెలు ఇస్తున్నాను.

చెక్క చుట్టూ ఉన్న గాలిని బట్టి నీళ్లు పీలుస్తుంది, వదులుతుంది. గాలిలో తేమ 50 శాతం ఉంటే చెక్కలో నీరు దాదాపు 9 శాతం దగ్గర నిలుస్తుంది. 65కి దాదాపు 12, 80కి దాదాపు 16, 90కి 20 వరకు. మన కోనసీమలో వానాకాలమంతా 80 చుట్టుపక్కలే. అంటే వేసవిలో 12 శాతం దగ్గర ఉన్న వీణ శ్రావణానికి 16కి చేరుతుంది. వీణలో చెక్క ఆరు కిలోలు అనుకోండి. 12 నుంచి 16కి వెళ్తే 200 గ్రాముల పైన నీరు చేరినట్టు.

ఆ నీరు రెండు పనులు చేస్తుంది. చెక్క బరువు పెరుగుతుంది. ఒక్కో శాతం తేమకీ పొడవు దిశలో దృఢత్వం ఒకటి నుంచి రెండు శాతం తగ్గుతుంది. నాలుగు శాతం తేమకి దృఢత్వం ఆరు శాతం తగ్గి, సాంద్రత మూడున్నర శాతం పెరిగిందనుకుంటే, విడి పలక సహజంగా పలికే స్వరం దాదాపు ఐదు శాతం కిందికి దిగుతుంది. అంటే అరస్వరానికి కాస్త తక్కువ. దానికి తోడు డ్యాంపింగ్ పెరుగుతుంది, అంటే మీటిన స్వరం తొందరగా ఆరిపోతుంది. మీరు మొద్దుబారింది అంటున్నది ఇదే.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. తేమ ఎంత ఉందన్నదే కాదు, మారుతోందా నిలకడగా ఉందా అన్నది కూడా ముఖ్యం. నీరు ఎక్కుతున్నప్పుడు గానీ దిగుతున్నప్పుడు గానీ చెక్క డ్యాంపింగ్ తాత్కాలికంగా పెరుగుతుంది. నిలకడ పడ్డాక తగ్గుతుంది. రాత్రి ఏసీ, పగలు తెరిచిన కిటికీ ఉన్న గదిలో పెట్టిన వాద్యం రోజూ ఇదే అవస్థ పడుతుంది.

చూసుకోవడానికి చవకైన మార్గం ఉంది. అదే రకం పనస చెక్క ముక్క ఒకటి పాలిష్ లేకుండా వీణ పక్కనే పెట్టండి. వంటింటి డిజిటల్ తూకం మీద వారానికోసారి తూచి రాసుకోండి. 12 శాతం దగ్గర 100 గ్రాములున్న ముక్క 16 శాతానికి 103.6 గ్రాములవుతుంది. నాదం గురించి వాదించే ముందు ఆ కాయితం చూస్తే సగం వాదన తీరిపోతుంది.

---

కమాను (భీమవరం), జూలై 12

తేమ నిజమే. కానీ వాయింపు వల్ల ఏమీ జరగదన్నట్టు రాస్తే ఒప్పుకోనండి. 1996లో హంట్, బాల్సన్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో రాశారు. తేమ ఎక్కువగా ఉన్న స్థితిలో చెక్కని కంపింపజేస్తూ ఉంటే దృఢత్వం పెరిగి డ్యాంపింగ్ తగ్గిందని చూపించారు. తేమ ఎక్కువ ఉన్న చోటే కదా మనం ఉన్నది!

---

తూకంరాళ్లు (అమలాపురం), జూలై 12

కమాను గారూ, ఏమీ జరగదని నేను రాయలేదండి. ఆ పని విడి చెక్క మీద చేసింది. పూర్తి వాద్యం మీద చేసిందీ ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలో, సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒకే చెక్కతో ఒకే చేతి మీద రెండు వయొలిన్లు చేయించారు. ఒకటి మ్యూజియంలో పెట్టించారు, రెండోది వృత్తి వాద్యకారుడికి ఇచ్చి వాయించమన్నారు. 2005లో మూడేళ్ల ఫలితాలు వేశారు. విన్నవాళ్లకీ వాయించినవాళ్లకీ రెంటికీ తేడా నిలకడగా పట్టుబడలేదు, కొలతల్లోనూ తేలలేదు.

ఇక వయసు సంగతి. ఫ్రిట్జ్, కర్టిన్ అనే పరిశోధకుల బృందం 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది వాద్యకారులకి కళ్లు సరిగ్గా కనపడని అద్దాలు పెట్టి ఆరు వయొలిన్లు ఇచ్చింది. మూడు కొత్తవి, మూడు పేరున్న పాత ఇటలీ తయారీదారులవి: రెండు స్ట్రాడివారివి, ఒకటి గ్వార్నేరిది. ఎక్కువమంది మెచ్చింది కొత్తదాన్ని, అన్నిటికన్నా తక్కువ మెచ్చింది ఒక స్ట్రాడివారిని. తర్వాత పారిస్ దగ్గర పదిమంది ఏకవాద్య కళాకారులతో ఆరు పాతవి, ఆరు కొత్తవి పెట్టి 2014లో ఫలితాలు వేశారు. అక్కడా మొదటి స్థానం కొత్తదానికే.

పాతవి బాగా పలకవని ఇందులో ఎవరూ అనలేదు. వయసు ఒక్కటే నాదం ఇవ్వదని మాత్రం తేలింది.

---

కమాను (భీమవరం), జూలై 12

మూడేళ్లు చాలా తక్కువండి. వయొలిన్ వయసులో మూడేళ్లు ఎంత? పైగా ఆ ఊరు సముద్రతీరమైనా మనంత ఉక్క ఉండదు. కొత్త వాద్యం మొదటి ఏడాదిలో మారడం అందరికీ తెలిసిందే కదా.

---

చేవచెక్క (రాజమహేంద్రవరం), జూలై 13

మొదటి ఏడాదిలో మార్పు నిజం. దానికి కారణం మాత్రం కంపనం కన్నా బిగువు అని చెప్పాలి. లెక్క చూడండి. 0.32 మి.మీ. ఉక్కు సారణి, 82 సెం.మీ. పొడవు, శ్రుతి మూడు. ఆ ఒక్క తీగ బిగువే నాలుగున్నర కిలోల పైన. ఏడు తీగలు ఉన్నాయి. కొత్త దండి ఆ బరువు కింద మెల్లగా వంగి, కొన్ని నెలలకి ఒక చోట కుదురుకుంటుంది. పైపలక గుర్రం కింద కొద్దిగా దిగుతుంది. అతుకులు సర్దుకుంటాయి. తేమ ఎక్కుతూ దిగుతూ ఉంటే ఈ సాగుడు ఇంకా ఎక్కువ. అందుకే కొత్త వీణకి ఏడాది తిరిగాక మెట్లు మళ్లీ కట్టించాలి. కట్టించాక "చూశారా, తెరుచుకుంది" అంటారు. తెరుచుకున్నది చెక్కా, మెట్లు కుదిరాయా అన్నది ఎవరూ విడదీసి చూడరు.

చెక్క లోపల వయసు చేసే మార్పు కూడా ఉంది. చాలా మెల్లగా జరుగుతుంది. చెక్కలో నీటిని ఎక్కువగా పట్టి ఉంచే పదార్థం హెమీసెల్యులోజ్. ఏళ్లు గడిచేకొద్దీ అది విరిగిపోతుంది. తైవాన్ పరిశోధకులు 2017లో స్ట్రాడివారి వాడిన మేపుల్ పరీక్షించి, హెమీసెల్యులోజ్ దాదాపు మూడో వంతు పోయిందని చెప్పారు. అది తగ్గితే చెక్క అదే గాలిలో తక్కువ నీరు పట్టుకుంటుంది. కాస్త తేలిక, కాస్త తక్కువ డ్యాంపింగ్, వానాకాలానికి తక్కువ చలనం. ఇది మూడు వందల ఏళ్ల లెక్క. ఆ చెక్కకి ఖనిజ లవణాలు పట్టించిన జాడలు కూడా దొరికాయి కాబట్టి అంతా వయసు ఖాతాలో వెయ్యకూడదు. నలభై, యాభై ఏళ్ల పనస వీణలో ఈ మార్పు ఉంటుంది గానీ చెవికి పట్టేంత ఉంటుందని నేను పూచీ పడను.

కొన్ని చోట్ల ఈ మార్పునే తొందరగా తెప్పించడానికి చెక్కని గాలి ఆడకుండా 160 డిగ్రీల పైన కాల్చి వాడుతున్నారు. నీరు తక్కువ పీలుస్తుంది, కానీ పెళుసవుతుంది. తయారైన వీణని మే నెల ఎండలో పెడితే ఇది రాదు. మైనం కారుతుంది, అంతే.

రంగు చూసి మోసపోకండి. పనస కోసినప్పుడు పసుపు పచ్చ. వెలుగు, గాలి తగిలేకొద్దీ తేనె రంగు, తర్వాత ముదురు గోధుమ. కిటికీ పక్కన పెట్టింది అయిదేళ్లకే ముసలిదానిలా కనపడుతుంది. రంగు పూసి "వందేళ్ల వీణ" అని అమ్మేవాళ్లూ ఉన్నారు. మెట్ల కింద, బిరడా రంధ్రాల లోపల, నాగపాశం కింద చూడండి. వెలుగు తగలని చోట రంగు తేడా ఉండాలి. అన్ని చోట్లా ఒకే ముదురు రంగుందంటే పూసిందే.

ఇక చూడాల్సింది చేవ, అంటే లోపలి ముదురు చెక్క. పనస చేవకి చెదలు పట్టడం కష్టం. బయటి తెల్ల చెక్కకి చెదలూ పడతాయి, పుచ్చూ పడుతుంది. కుండ అంచున గానీ పైపలక చివర గానీ తెల్ల చెక్క వదిలేసి ఉంటే అక్కడ గుండుసూది తలంత రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి ఉందేమో చూడండి. పొడి తాజాగా రాలుతుంటే పురుగు లోపలే ఉంది. అప్పుడు నాదం గురించి ఆలోచించే తీరిక లేదు, మిగతా వాద్యాల నుంచి దూరంగా పెట్టండి.

---

లంకపనస (రాజోలు), జూలై 14

చాలా థాంక్సండి అందరికీ. చూసినవి: గుర్రం రేకు మీద సారణి కింద గాడి ఉంది. పక్కకి జరిపితే స్వరం బాగుంది, కానీ ఐదు నుంచి ఎనిమిదో మెట్టు జీర పోలేదు. స్కేలు పెడితే ఆరు, ఏడు మెట్ల దగ్గర దాని కింద వెలుగు కనపడుతోంది. మైనం నల్లగా, అక్కడక్కడ పగిలి ఉంది. పురుగు లేదు. చిన్న తేమ మీటరు కొన్నాం, గదిలో 84 చూపిస్తోంది.

---

సారణి (కాకినాడ), జూలై 14

ఆయ్, అదేనండి. ఆరు, ఏడు దిగాయి కాబట్టి వాటి మీద నొక్కితే తీగ ఎనిమిదిని తాకుతోంది. మైనం దోషం, చెక్కది కాదు.

మెట్లు నిలబెట్టే మైనంలో తేనెమైనం, గుగ్గిలం, నల్లదనానికి బొగ్గుపొడి లాంటివి ఉంటాయి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కానీ మెత్తబడడం చాలా ముందే మొదలవుతుంది. వేసవిలో మెత్తబడిన మైనంలోకి గట్టిగా నొక్కే మెట్లు కొద్దికొద్దిగా దిగుతాయి. ఎక్కువ గమకం తీసే చోట్ల ఇంకా ఎక్కువ. ఏళ్లు గడిస్తే మైనం పెళుసుబారి చెక్కని వదిలేస్తుంది. అప్పుడు మెట్టుకీ దండికీ మధ్య పట్టు పోయి స్వరం పొడిగా వస్తుంది. దాన్ని చూసే "చెక్కలో జీవం పోయింది" అని ఉంటారు.

పగుళ్లున్న మైనం మీద కొత్త మైనం పూసి సర్దించుకోకండి. పాతదంతా తీయించి ఇరవై నాలుగు మెట్లూ మళ్లీ కట్టించడమే దారి. మెట్ల మీద గాడులుంటే కట్టే ముందే వాటిని రాకించి నునుపు చేయించాలి. రేకు పని కూడా అంతకు ముందే అయిపోవాలి. రేకు ఎత్తు మారితే మెట్ల ఎత్తులన్నీ మారతాయి. వరస తప్పితే డబ్బు రెండుసార్లు.

మైనం పాకం అడిగి చూసుకోండి. గుగ్గిలం ఎక్కువైతే చలికాలంలో పగులుతుంది, మైనం ఎక్కువైతే ఎండాకాలంలో జారుతుంది. చల్లారిన ఉండ మీద గోరు నొక్కితే గుర్తు పడాలి, గోరు దిగకూడదు. మన వేసవికి ఆమాత్రం గట్టిగా ఉండాల్సిందే.

---

జీవాళి (పాలకొల్లు), జూలై 15

తంబూరా వాళ్లకి ఒక మాట. తంబూరా పాతబడి నాదం పోయిందని తెచ్చే వాటిలో ఎక్కువ వాటికి గుర్రం మీద నాలుగు గాడులు ఉంటాయి, అంతే. జీవాళి దారం (గుర్రం మీద తీగ కింద పెట్టే నూలు దారం) జరిపినా జీవం ఒకచోట నిలవడం లేదంటే గాడి లోతయిందన్నమాట. పైతలం మళ్లీ తీర్చాలి. దారం కూడా మార్చండి. వానాకాలంలో నూలు దారం ఉబ్బుతుంది, వేసవికి పెట్టిన చోటు వానాకాలానికి పనికిరాదు. రోజూ శ్రుతి చేసేటప్పుడే దారం జరపడం అలవాటు చేసుకోవాలి.

ఇంకో సంగతి, మా ఊరి పేరు చెప్పుకోవాలి కదా. మాండొలిన్ శ్రీనివాస్ పాలకొల్లులో పుట్టినవారే. ఆయన వాయించింది ఎలక్ట్రిక్ మాండొలిన్. అలాంటి గట్టి చెక్క వాద్యంలో డొల్ల ఉండదు, పలికే పలక ఉండదు, తీగ కదలికని పికప్పే అందుకుంటుంది. చెక్క వయసు వాటా అక్కడ ఇంకా తక్కువ. నాదం మారిందంటే ముందు తీగలు, మెట్లు, పికప్ ఎత్తు, వైర్ల అతుకులు చూడాలి. "పాత చెక్క" అని ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు.

---

కమాను (భీమవరం), జూలై 15

వయొలిన్ వాళ్లకి వానాకాలం జాగ్రత్తలు రాస్తాను. పైన ఓడిపోయిన వాదన ఎలాగూ మళ్లీ ఎత్తుతాను 🙂

పైపలక నీరు పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది. అంచులు అతికి ఉన్నాయి కాబట్టి పైకి లేవడమే దారి. గుర్రం దాంతోపాటు లేస్తుంది, తీగలు ఎత్తవుతాయి. వేలిపలక చివర కొలవండి. పల్చని తీగ దగ్గర 3.5 మి.మీ., లావు తీగ దగ్గర 5.5 మి.మీ. చుట్టుపక్కల ఉండాలి. వానాకాలంలో అర మిల్లీమీటరు పెరిగితే కంగారు పడి గుర్రం కోయించకండి, మాఘానికి అది దిగుతుంది, అప్పుడు తీగలు వేలిపలకని తాకుతాయి. ఎత్తు మరీ ఇబ్బందైతే వానాకాలానికి వేరే గుర్రం పెట్టుకోవడం మంచిది.

పలక లేస్తే లోపల రెండు పలకల మధ్య నిలిపే పుల్ల, సౌండ్‌పోస్టు, వదులవుతుంది. నాదం బోలుగా, కింది తీగలు చెదిరినట్టు ఉంటే కారణం అదే కావచ్చు. మనం షడ్జ పంచమాలకి దించి శ్రుతి చేస్తాం కాబట్టి గుర్రం మీద బిగువు ఇంకా తక్కువ. అందుకని తీగలన్నీ ఒకేసారి విప్పకండి, పోస్టు పడిపోతుంది. ఒకటి తీసి ఒకటి వెయ్యండి. బిరడాలు వానాకాలంలో బిగుసుకుంటాయి. బలంగా తిప్పితే తల విరుగుతుంది. కొద్దిగా బయటికి లాగి, సబ్బూ సుద్దా రాసి తిప్పండి.

కారులో వదిలేయకండి. అతుకుల్లో వాడే తోలుజిగురు వేడికీ తేమకీ మెత్తబడుతుంది. ఎండలో మూసిన కారు లోపల అరవై డిగ్రీలకి పోవచ్చు. మంచి జిగురు అవసరమైనప్పుడు వదలడం గుణమే అనుకోండి, అతుకు విడిపోతుంది గానీ పలక చీలదు. మళ్లీ అతికించుకోవచ్చు. వేరే గట్టి జిగురుతో అతికించినవి అయితే చెక్కే చీలుతుంది.

---

లంకపనస (రాజోలు), జూలై 16

నిల్వ సంగతి చెప్పండి. సిలికా సంచులు పెట్టమంటున్నారు. కొబ్బరి నూనె రాస్తే తేమ పట్టదని కూడా ఒకరన్నారు. కోనసీమలో దానికి లోటు లేదు కదా!

---

తూకంరాళ్లు (అమలాపురం), జూలై 16

నూనె వద్దండి. చెక్కలోకి ఇంకి బరువు పెంచుతుంది, డ్యాంపింగ్ పెంచుతుంది. మెట్ల దగ్గరికి పాకితే మైనం పట్టు పోతుంది. తర్వాత పాలిష్ కూడా పట్టదు. నీటి ఆవిరిని అది ఆపదు కూడా.

సిలికా గుడ్డ సంచిలో దండగ. గుడ్డలోంచి గాలి అటూ ఇటూ ఆడుతూనే ఉంటుంది. రబ్బరు అంచుతో బిగుతుగా మూసుకునే పెట్టె ఉంటేనే పెట్టండి. అప్పుడు కూడా అర కిలో సిలికా మహా అయితే వంద, నూట యాభై గ్రాముల నీరు పడుతుంది. వీణ పీల్చింది రెండు వందలని పైన చెప్పాను. రంగు మారగానే 110, 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడి చేసి మళ్లీ వాడాలి.

అన్నిటికన్నా చవక, అల్మారాలో చిన్న బల్బు. గాలి 28 డిగ్రీల నుంచి 32కి వేడెక్కితే అదే గాలిలో 85 శాతం తేమ 68 దగ్గరికి పడుతుంది. నీటిని తీసెయ్యక్కర్లేదు, గాలిని నాలుగు డిగ్రీలు వెచ్చబెడితే చాలు. బల్బు అడుగున పెట్టి చుట్టూ ఇనప జాలీ కట్టండి, వీణకి రెండడుగుల దూరం ఉంచండి, మైనం వైపు అసలు పెట్టకండి. మధ్యాహ్నం అల్మారా లోపల 36 దాటుతుంటే ఆపేయండి. గురి 60 నుంచి 65 శాతం. 50కి దించాలని చూడకండి. వీణ మన గాలికి అలవాటు పడింది, ఎక్కువ ఎండబెడితే పగులుతుంది.

మీ మీటరు 84 అంటోంది కదా, ముందు దాన్ని సరిచూడండి. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసకలా అయ్యేవరకే నీళ్లు కలిపి, మీటరుతో కలిపి జిప్ సంచిలో బిగించి పది పన్నెండు గంటలు ఉంచండి. 75 చూపించాలి. 79 చూపిస్తే మీ గది 84 కాదు, 80. చవక మీటర్లలో ఈ తేడా మామూలే.

---

చేవచెక్క (రాజమహేంద్రవరం), జూలై 17

వాడనప్పుడు తీగలు ఎంత దించాలని కూడా అడుగుతుంటారు. ఒక స్వరం దించితే చాలు, బిగువు అయిదో వంతు తగ్గుతుంది. పూర్తిగా విప్పేస్తే గుర్రం జరుగుతుంది, దండి తిరిగి లేస్తుంది, మళ్లీ బిగించినప్పుడు కుదురుకోవడానికి రోజులు పడుతుంది. అటుపక్క, పాత వీణకి ఒక్కసారిగా అరస్వరం పెంచినా బిగువు 12 శాతం పెరుగుతుందని గుర్తుంచుకోండి. చాలా ఏళ్లు ఊరికే ఉన్న దండి మీద ఆ పని మెల్లగా చెయ్యాలి.

వానల్లో పాలిష్ వేయించకండి. లక్క పాలిష్ తేమ గాలిలో తెల్లబారుతుంది. మందంగా పడే రంగులేని వార్నిషులు పైపలక మీద అసలే వద్దు. పలక మీద బరువు పెరిగినట్టే.

---

లంకపనస (రాజోలు), జూలై 17

ఒక్కటి మిగిలిందండి. కుండ అడుగున చెక్క పోగు వెంట సన్నటి పగులు ఉంది, జాన పొడవు. వేసవిలో గోరు పట్టేది, ఇప్పుడు కనపడీ కనపడనట్టుంది. ఎపాక్సీ పెట్టి మూసేద్దామా? పండగల తర్వాత వీణ హైదరాబాదు వెళ్లాలి కూడా.

---

చేవచెక్క (రాజమహేంద్రవరం), జూలై 17

ఎపాక్సీ వద్దు. వేసవిలో విచ్చుకున్న పగులులో గట్టి పదార్థం నింపితే వానాకాలంలో చెక్క ఉబ్బి దాని మీద ఒత్తుకుంటుంది. ఆ ఒత్తిడి పగులు కొసల దగ్గరికి పోయి రెండు వైపులా ఇంకా చీలుస్తుంది. ఇప్పుడు మూసుకుని ఉన్నప్పుడు పెట్టినా లోపలిదాకా దిగదు.

ఇప్పుడు చెయ్యాల్సింది రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత పెట్టి తేదీ రాయడం. నెలకోసారి చూడండి. గీత దాటితే పగులు పాకుతోంది. మార్గశిరం, పుష్యం నెలల్లో గాలి మధ్యరకంగా ఉన్నప్పుడు వేడి తోలుజిగురు పల్చగా చేసి దింపి, తాడుతో మెల్లగా బిగించి ఒకరోజు వదిలేయాలి. లోపలికి చెయ్యి దూరితే పగులుకి అడ్డంగా పనస బిళ్లలు రెండు మూడు అతికించాలి. బిళ్ల పోగు పగులుకి అడ్డంగా ఉండాలి, అంచులు పల్చగా చెక్కాలి. పగులు వేసవిలో అర మిల్లీమీటరు దాటి విచ్చుకుంటుంటే జిగురు చాలదు, అదే చెక్క చీలిక దించాలి.

హైదరాబాదు సంగతి జాగ్రత్త. మన దగ్గర పనస పలక ఇరవై ఏళ్లు ఆరబెట్టినా 14, 15 శాతం కిందికి నిలకడగా దిగదు, గాలి దిగనివ్వదు. అక్కడ ఎండాకాలం గదిలో తేమ 30కి పడితే చెక్క 6 వైపు పోతుంది. అడ్డంగా శాతానికి 0.15 చొప్పునే కుంచించుకున్నా 30 సెం.మీ. పలక మూడున్నర మిల్లీమీటర్లు తగ్గాలి. అంచులు అతికి ఉంటే తగ్గలేక చీలుతుంది. వెళ్లేది కార్తీకం, మార్గశిరంలో అయితే మేలు, వేసవికి ముందు మెల్లగా అలవాటు పడుతుంది. మొదటి రెండు వారాలు పెట్టెలోనే ఉంచి, రోజూ కాసేపే మూత తీయండి. ఏసీ గదిలో వద్దు. మొదటి వేసవిలో గదిలో తేమ 45 కింద పడకుండా తడి గుడ్డో, వెడల్పు పళ్లెంలో నీళ్లో పెట్టండి.

---

సారణి (కాకినాడ), జూలై 18

అలా అయితే మెట్లు ఇక్కడ కట్టించకండి. రేకు, పగులు పని ఇక్కడ చేయించుకుని, హైదరాబాదు గాలికి దండి కుదురుకున్నాక, మొదటి వేసవి దాటాక అక్కడే మేళం (మెట్లన్నీ) కట్టించండి. ఈలోపు సాధనకి ఆరు, ఏడు మెట్ల వరకే వేడి చేసిన కత్తి వెనకభాగంతో మైనం మెత్తబరిచి ఎత్తు సర్దమనండి. తాత్కాలికమే, కానీ జీర పోతుంది.

---

లంకపనస (రాజోలు), జూలై 18

సరేనండి. గాడి పడిన రేకు రేపే తీయిస్తున్నాం. మీటరు ఉప్పు పరీక్షలో 78 చూపించింది, అంటే గది 81. ఫొటోలు రేపు పెడతాం.